సెకండరీలు తెరచుకొనుచున్నవా?

పాతకాలపు అమెరికా కార్ల విషయమున తరచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. యాక్సిలరేటరును నేలకు ఆనునంతవరకు త్రొక్కినను కారు ఆశించినంతగా ముందుకు సాగదు. అట్టి కారును మరమ్మతు శాలకు తీసికొనిపోగా, అచటివారు బానెట్టు పైకెత్తి, నిలిచియున్న కారు ఇంజనును రెండు మూడు మారులు హోరెత్తించి, కార్బ్యురేటరు వంక చూచి, "సెకండరీలు తెరచుకొనుట లేదు, దీనిని మార్చవలెను" అని తీర్పు చెప్పుదురు. యజమాని నమ్మును. క్రొత్త కార్బ్యురేటరు వచ్చును, ధనము వ్యయమగును. కారు మాత్రము మునుపటి వలెనే నడచును.

ఇందు దోషమెక్కడ నున్నది? పరీక్షలోనే యున్నది. నిలిచియున్న కారులో సెకండరీలు తెరచుకొనకపోవుట పెక్కు కార్బ్యురేటర్లలో రోగలక్షణము కాదు. అది ఆరోగ్య లక్షణము. కుర్చీలో కూర్చున్న మనుష్యుడు ఆయాసపడుట లేదు గనుక అతని ఊపిరితిత్తులు పనిచేయుట లేదని ఏ వైద్యుడును చెప్పడు. పరుగెత్తించి చూడవలెను. సెకండరీలు అనగా ఏమి, అవి ఎప్పుడు తెరచుకొనవలెను, తెరచుకొనుచున్నవో లేదో తెలిసికొనుటకు నమ్మదగిన పరీక్ష ఏది అను మూడు విషయములను వరుసగా విచారింతము.

పెట్రోలు ఇంజనుకు కావలసినది పెట్రోలు మాత్రమే కాదు. అంతకంటె ఎక్కువగా గాలి కావలెను. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు బరువును బట్టి సుమారు 14.7 పాళ్ళ గాలి అవసరము. ఈ రెండింటిని తగిన పాళ్ళలో కలిపి సిలిండర్లకు అందించు పరికరమే కార్బ్యురేటరు. దాని గుండె ఒక గొట్టము. ఆ గొట్టము నడుమ ఇరుకై, అటునిటు వెడల్పుగా నుండును. ప్రవహించు పదార్థము ఇరుకు దారిలో వేగము పుంజుకొనుననియు, వేగము హెచ్చినచోట పీడనము తగ్గుననియు ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు వెంచురి 1797లో తన పరిశోధనలను ప్రకటించెను. అందువలననే ఆ ఇరుకు భాగమునకు నేటికిని వెంచురి అని పేరు. గాలి ఆ ఇరుకు దాటునప్పుడు పీడనము తగ్గుటచే, ప్రక్కనున్న తొట్టిలోని పెట్రోలు సన్నని గొట్టము గుండ పైకి లాగబడి, తుంపరలై గాలిలో కలియును. గొట్టము అడుగున ఒక గుండ్రని రేకు కలదు. దానిని థ్రాటిల్ అందురు. మనము యాక్సిలరేటరును త్రొక్కినప్పుడు తిరుగునది ఆ రేకే. కావున మనము త్రొక్కునది నిజముగా పెట్రోలును కాదు, గాలిని.

ఇచట ఒక చిక్కు కలదు. గొట్టము సన్ననిదైనచో, ఇంజను మెల్లగా తిరుగునప్పుడు గూడ గాలి వేగముగా ప్రవహించును. పెట్రోలు చక్కగా తుంపరలగును. కారు తడబాటు లేకుండ నడచును, ఖర్చు తక్కువ. కాని ఇంజను మిక్కిలి వేగముగా తిరుగునప్పుడు ఆ సన్నని గొట్టము చాలదు. ఇంజనుకు ఊపిరి సలుపదు. పోనీ గొట్టమును వెడల్పు చేయుదమా? అప్పుడు పై వేగమున బాగుగానే యుండును గాని, తక్కువ వేగమున గాలి మందగించి, పెట్రోలును లాగుటకు తగిన శక్తి ఉండదు. ఒకే గొట్టముతో రెండు పనులును సరిగా జరుగవు.

మన స్కూటర్లలోను, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు వంటి కార్లలోను ఇంజన్లు చిన్నవి గనుక ఒక్క గొట్టముతోనే సర్దుకొనగలిగిరి. అమెరికాలో తయారైన ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజన్లకు ఆ సర్దుబాటు చాలలేదు. కావున అచటి ఇంజనీర్లు ఒకే కార్బ్యురేటరులో నాలుగు గొట్టములను అమర్చిరి. 1952లో బ్యూయిక్, కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లలో ఇట్టి నాలుగు బారెళ్ళ కార్బ్యురేటర్లు ప్రవేశించినవి. ముందరి రెండు గొట్టములు ప్రైమరీలు. ఇవి నిత్యావసరమునకు. వెనుకటి రెండును సెకండరీలు. ఇవి అవసరము ముదిరినప్పుడు మాత్రమే తెరచుకొనునవి. సమతలమైన దారిపై గంటకు 60 మైళ్ళ వేగముతో సాగుటకు ఇంజను శక్తిలో స్వల్పభాగమే చాలును గనుక, ప్రయాణకాలములో అధికభాగము సెకండరీలు మూసియే యుండును.

ఈ ఏర్పాటు మన కృష్ణా తీరవాసులకు క్రొత్త కాదు. విజయవాడ వద్ద 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీకి 70 తలుపులు కలవు. నదిలో నీరు తక్కువగా నున్నప్పుడు తలుపులను దించియుంచెదరు. అప్పుడే నీటిమట్టము నిలిచి, ఇరుప్రక్కల కాలువలకు నీరు పారును. వరద వచ్చుకొలది తలుపులను ఎత్తుదురు. వరద రాకుండగనే తలుపులన్నియు ఎత్తివేసినచో ఏమగును? మట్టము పడిపోయి కాలువలు ఎండును. వరద వచ్చినను ఎత్తనిచో నీరు వెనుకకు తన్నును. సెకండరీల సంగతియు ఇంతే. ఇంజనుకు గాలి వరద రాకముందే అవి తెరచుకొనినచో, గొట్టములలో గాలి వేగము పడిపోయి పెట్రోలు లాగబడదు. కారు ఒక్క క్షణము ఉక్కిరిబిక్కిరియై ఆగినంత పనిచేయును. ఎంతకును తెరచుకొననిచో ఇంజను పై వేగమున శక్తి చాలక నీరసించును. కావలసినది తెరచుకొనుట మాత్రమే కాదు, వేళకు తెరచుకొనుట.

వేళను నిర్ణయించువారు ఎవరు? ఈ ప్రశ్నను బట్టి కార్బ్యురేటర్లు మూడు తెగలుగా నుండును. మొదటి తెగలో నిర్ణయము నడుపువాని పాదముదే. ప్రైమరీల థ్రాటిల్ కొంత తెరచుకొనిన పిమ్మట, ఒక ఇనుపకడ్డీ సెకండరీలను గూడ లాగును. వీనిని యాంత్రిక సెకండరీలు అందురు. రెండవ తెగలో నిర్ణయము ఇంజనుదే. ఇంజను పీల్చు గాలి పరిమాణమును బట్టి ఒక పలుచని పొర సెకండరీలను తెరచును. 1957లో ఫోర్డు కార్లతో వ్యాప్తిలోనికి వచ్చిన హోలీ కార్బ్యురేటర్లలో పెక్కు ఈ తెగకు చెందినవే. మూడవ తెగ ఈ రెండింటి మేళవింపు. క్రింది రేకులను పాదము తెరచును. వానిపైన నున్న మరియొక గాలి తలుపును ఇంజను పీల్పు తెరచును. జనరల్ మోటార్స్ కార్లలో 1965 నుండి వచ్చిన రోచెస్టర్ క్వాడ్రాజెట్ ఇట్టిది. సందేహములును, తప్పు తీర్పులును ఎక్కువగా రెండవ తెగ విషయముననే కలుగుచున్నవి. కావున దానిని మొదట చూతము.

హోలీ కార్బ్యురేటరు ప్రక్కన గుండ్రని చిన్న డబ్బీ ఒకటి కనబడును. దానిలో రబ్బరు పూతగల గుడ్డతో చేసిన పొర కలదు. దానిని డయాఫ్రం అందురు. పొరపైన ఒక స్ప్రింగు కూర్చుండి, దానిని ఎల్లప్పుడు క్రిందికి నొక్కుచుండును. పొరకు తగిలించిన కడ్డీ డబ్బీ అడుగునుండి వెలికివచ్చి, సెకండరీల ఇరుసునకు గల లీవరుతో కలియును. పొరపై గదికిని ప్రైమరీ వెంచురికిని నడుమ సన్నని దారి కలదు. ప్రైమరీలో గాలి వేగము హెచ్చినకొలది వెంచురిలో పీడనము తగ్గును గదా! ఆ తగ్గుదల సన్నని దారి గుండ డబ్బీని చేరి, పొరను పైకి లాగును. లాగుడు స్ప్రింగు బలమును మించినప్పుడు కడ్డీ పైకి లేచి సెకండరీలను మెల్లమెల్లగా తెరచును. ఆ దారిలో ఒక చిన్న లోహపు బంతి గూడ నుండును. తెరచుకొనునప్పుడు అది దారిని దాదాపు మూసి, పొర ఒక్కసారిగా ఎగయకుండ కాపాడును. మూసికొనునప్పుడు ప్రక్కకు తొలగి, గాలిని త్వరగా లోనికి రానిచ్చును. మెల్లగా తెరచుకొనుట, త్వరగా మూసికొనుట అను రెండు సద్గుణములును ఆ చిన్న బంతి చలువయే.

ఇప్పుడు లెక్క చూతము. 350 ఘనపుటంగుళముల ఇంజనును తీసికొందము. నాలుగు ఘట్టముల ఇంజను రెండు చుట్లకు ఒక పర్యాయము తన పరిమాణమంత గాలిని పీల్చును. నిమిషమునకు 5,500 చుట్లు తిరుగునప్పుడు, సిలిండర్లు పూర్తిగా నిండుచున్నవనుకొన్నచో, నిమిషమునకు సుమారు 557 ఘనపుటడుగుల గాలి కావలెను. ఆచరణలో సిలిండర్లు అంతగా నిండవు. నూటికి 85 వంతులు నిండినచో 473 ఘనపుటడుగులు. అదే ఇంజను 2,000 చుట్లు తిరుగునప్పుడు, థ్రాటిల్ పూర్తిగా తెరచియున్నను, 172 ఘనపుటడుగులకు మించదు. 600 ఘనపుటడుగుల కార్బ్యురేటరులో నాలుగు గొట్టములును దాదాపు సమానమైనచో, ప్రైమరీలు రెండే సుమారు 300 ఇయ్యగలవు. కావున 2,000 చుట్ల వద్ద సెకండరీలతో ఇంజనుకు పనియే లేదు. ఇంజను వేగము పెరిగి, ప్రైమరీలు చాలని స్థితి సమీపించినప్పుడే వాని అవసరము కలుగును.

కారు న్యూట్రలులో నిలిచియున్నప్పుడు సంగతి ఇంకను స్పష్టము. ఇంజను మోయవలసిన బరువు లేదు. థ్రాటిల్ రవంత తెరచినంతనే అది వేలకొలది చుట్లు తిరుగును. చుట్లు ఎక్కువే గాని, థ్రాటిల్ సందు చిన్నది. సిలిండర్లు నిండుట లేదు. పీల్చు గాలి కొద్ది. ప్రైమరీ వెంచురిలో పొరను లాగదగినంత పీడనభేదము పుట్టదు. ఇంజను హోరును బట్టి మనము మోసపోవుదుము గాని, పొర మోసపోదు. అది చెవితో వినదు, గాలిని కొలుచును. కావున నిలిచిన కారులో ఇంజనును ఎంత హోరెత్తించినను సెకండరీలు కదలకపోవుట సహజము. దానిని బట్టి కార్బ్యురేటరును నిందింపరాదు.

రెండవ అపోహ దీనికంటె సూక్ష్మమైనది. సెకండరీలు తెరచుకొనిన క్షణమున వీపు సీటునకు అదుముకొనునట్లు ఒక తోపు తగులవలెననియు, అది తగులలేదు గనుక అవి తెరచుకొనలేదనియు కొందరు భావింతురు. నిజమునకు సరిగా సర్దిన కార్బ్యురేటరులో అట్టి తోపు తెలియరాదు. శక్తి నదిలో నీరు పెరిగినట్లు క్రమముగా పెరుగును. ఒక్కసారిగా తోపు తగిలినదనగా, పెక్కుసార్లు దానికి ముందు ఒక తడబాటు జరిగినదని అర్థము. సెకండరీలు తొందరపడి తెరచుకొనినవి; ఇంజను ఒక క్షణము ఉక్కిరిబిక్కిరియైనది; తేరుకొనినప్పుడు పెరిగిన శక్తి తోపువలె తోచినది. పడిలేచినవాడు ఎగిరితినని అనుకొనినట్లు, మనము నష్టమును లాభముగా లెక్కించుచున్నాము. వీపును నమ్ముకొని స్ప్రింగులు మార్చినవారు కారును మందగింపజేసి, వేగిరపరచితిమని సంతోషించుట ఇందువలననే.

చెవి సాక్ష్యమును చెల్లదు, వీపు సాక్ష్యమును చెల్లదు. మరి చెల్లు సాక్ష్యమెయ్యది? ప్రతి కార్యాలయములోను కాగితములు కూర్చి పట్టుటకు వాడు క్లిప్పు. దాని ఖరీదు లెక్కలోనికి రాదు. దాని సాక్ష్యమునకు మాత్రము తిరుగులేదు. ఆ పరీక్షను మూడు అంచెలుగా జరుపవలెను.

మొదటి అంచె ఇంజను ఆర్పియున్నప్పుడు. ఇంజను చల్లారవలెను, దగ్గర నిప్పు, చుట్ట, సిగరెట్టు ఉండరాదు. గాలి వడపోత డబ్బాను తీసి, ఒకరు కారులో కూర్చుండి యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కి పట్టుకొనవలెను. మరియొకరు కార్బ్యురేటరు పైనుండి ప్రైమరీ గొట్టములలోనికి చూడవలెను. రేకులు నిట్టనిలువుగా నిలిచినవా? నిలువనిచో సెకండరీల మాట తరువాత, ముందు పెడలును చూడవలెను. తీగ సాగిపోవుట, కడ్డీ అమరిక తప్పుట, చివరకు పెడలు క్రింద మందమైన చాప అడ్డుపడుట మొదలగు కారణములచేత థ్రాటిల్ పూర్తిగా తెరచుకొనకపోవుట కలదు. చాప ముక్క చేసిన తప్పునకు కార్బ్యురేటరును మార్చినవారును లేకపోలేదు. ఈ పరీక్ష జరుపునప్పుడు ఇంజను నడువరాదు. నడుచు ఇంజను ఎదురుమంట చిమ్మినచో చూచువాని ముఖమునకు ప్రమాదము.

రెండవ అంచెయు ఇంజను ఆర్పియే. ప్రైమరీలు మూసియున్నంత కాలము ఒక కడ్డీ సెకండరీలను మూసి పట్టుకొనును. కావున యాక్సిలరేటరును త్రొక్కి పట్టించి, సెకండరీల లీవరును వ్రేలితో తిప్పి చూడవలెను. అది స్ప్రింగు బలము తప్ప మరి యే అడ్డంకియు లేకుండ చివరవరకు కదలవలెను. వదలగనే స్వయముగా వెనుకకు వచ్చి మూసికొనవలెను. నడుమ ఎక్కడను పట్టరాదు. ఇప్పుడే డయాఫ్రం కడ్డీపై క్లిప్పును గ్రుచ్చి, డబ్బీ అడుగునకు ఆనునట్లు పైకి నెట్టుడు. లీవరును చేతితో పూర్తిగా తెరచి వదలుడు. కడ్డీ పైకి పోయినప్పుడు క్లిప్పును డబ్బీ అడుగు ఆపును. కడ్డీ తిరిగి దిగినప్పుడు క్లిప్పు మొదటి స్థానమునకంటె క్రిందుగా కనబడును. డబ్బీకిని క్లిప్పునకును నడుమ ఏర్పడిన దూరమే సెకండరీలు పూర్తిగా తెరచుకొనుటకు గుర్తు. దానిని కొలిచి వ్రాసికొనవలెను. ఈ కొలత లేనిచో తరువాతి పరీక్ష "తెరచుకొనినవి" అని చెప్పునే గాని "ఎంత" అన్నది చెప్పజాలదు.

మూడవ అంచె బరువుతో పరుగు. క్లిప్పును తిరిగి డబ్బీకి ఆనించి, అది లీవర్లకు అడ్డుపడదని చూచుకొని, గాలి వడపోత డబ్బాను యథాస్థానమున బిగించవలెను. ఏదేని జారిపడినను గొట్టములోనికి పోకుండుటకు ఈ జాగ్రత్త. ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చి, పూర్తిగా యాక్సిలరేటరు త్రొక్కి, తక్కువ చుట్లనుండి ఇంజనుకు నిర్ణయించిన పై వేగము వరకు ఒక్క పరుగు తీయవలెను. ఇది ఊరి దారులలోను, జనులు తిరుగు రహదారులలోను చేయదగిన పని కాదు. మూసివేసిన ట్రాకుపైగాని, చక్రములను దొర్లించి శక్తిని కొలుచు డైనమోమీటరుపైగాని చేయవలెను. పిమ్మట ఇంజనును ఆర్పి, బానెట్టు తెరచి క్లిప్పును చూడుడు. అది వ్రాసికొనిన కొలతవరకు జరిగియున్నచో సెకండరీలు పూర్తిగా తెరచుకొనినవి. కొంతమేర జరిగినచో కొంత తెరచుకొనినవి. కదలనే కదలనిచో తెరచుకొనలేదు. ఇందు అభిప్రాయభేదమునకు తావు లేదు. చూచిన వెంటనే క్లిప్పును తీసివేయుట మరువరాదు.

క్లిప్పు కదలనప్పుడు కారణములను సులభమైనవానినుండి కష్టమైనవానివరకు వరుసగా వెదకవలెను. డబ్బీకిని కార్బ్యురేటరు దేహమునకును నడుమ పీడనపు దారి కలియుచోట ఒక చిన్న గాస్కెట్టు ఉండును. మరమ్మతుల తరువాత అది తప్పిపోవుట మిక్కిలి సామాన్యము. అది లేనిచో బయటిగాలి చొరబడి, పొరకు లాగుడు అందదు. తరువాత పొర. డబ్బీని విప్పి, కడ్డీని పైకి నెట్టి, పీడనపు రంధ్రమును వ్రేలితో మూసి, కడ్డీని వదలవలెను. పొర చెక్కుచెదరనిదైనచో కడ్డీ పైననే నిలుచును, చిరిగినదైనచో జారిపోవును. డబ్బీ మూతను బిగించునప్పుడు పొర మడత పడినను ఇదే దోషము కలుగును. ఆపైన ఇరుసు. కార్బ్యురేటరును ఇంజనుకు బిగించు నట్లను అమితముగా బిగించినచో అడుగుభాగము వంగి, ఇరుసు పట్టివేయును. విప్పియున్నప్పుడు చక్కగా తిరిగిన సెకండరీలు బిగించిన తరువాత తిరుగకున్నచో ఇదియే కారణమని ఊహింపవచ్చును. తగని గాస్కెట్టు వేసినచో దాని అంచు రేకులకు అడ్డు తగులును.

క్లిప్పు కొంతమేరయే జరిగినచో తొందరపడి దోషమని యెంచరాదు. పై లెక్కను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 473 ఘనపుటడుగులు చాలిన ఇంజనుకు 750 ఘనపుటడుగుల కార్బ్యురేటరును పెట్టినచో సెకండరీలు పూర్తిగా తెరచుకొనవలసిన పనియే లేదు. ఇంజను తనకు కావలసినంతే తీసికొనినది. అది ఈ పద్ధతిలోని గొప్ప గుణము. ఇంకను ముందుగా తెరిపింపదలచినచో స్ప్రింగు మార్చవచ్చును. హోలీ వారు స్ప్రింగులకు రంగులు వేసిరి. అన్నిటికంటె మెత్తనిది తెల్లనిది. తరువాత వరుసగా పొట్టి పసుపు, పసుపు, ఊదా, రంగు వేయనిది, గోధుమ రంగు. అన్నిటికంటె గట్టిది నల్లనిది. స్ప్రింగు మెత్తనిదైనకొలది సెకండరీలు ముందుగా తెరచుకొనును. ఒక్కొక్క మెట్టు మాత్రమే దిగి, ప్రతిమారు పరీక్షించి, తడబాటు కనబడగనే వెనుకటి స్ప్రింగునకు మరలవలెను. బంతిని తీసివేయుట, సెకండరీలను మరతో ప్రైమరీలకు బిగించుట అను రెండు చిట్కాలను కొందరు బోధింతురు. వానిని పాటింపరాదు. పాదముతో ఒక్కసారిగా తెరచు యాంత్రిక సెకండరీలలో పెక్కింటికి ఆ క్షణమున అదనపు పెట్రోలును చిమ్ము రెండవ పంపు కలదు. పొరతో తెరచు హోలీలో అది లేదు.

క్వాడ్రాజెట్ కార్బ్యురేటరుకు క్లిప్పు పనికిరాదు. దాని పరీక్ష వేరు. ఇంజను చల్లగా నున్నంతసేపు సెకండరీలు తెరచుకొనకుండ ఒక గడియ అడ్డుపడును. చోకు పూర్తిగా తెరచుకొనిన పిమ్మటనే అది తొలగును. కావున చల్లని ఇంజనును పరీక్షించి, సెకండరీలు పనిచేయుట లేదనుట మూసిన తలుపును తోసి ఇంటిలో ఎవరును లేరనుట వంటిది. ఇంజనును వేడిచేసి ఆర్పి, చోకు తెరచియుండగా యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కించి, పై గాలి తలుపును వ్రేలితో నొక్కి తెరచి, లోపల రేకులు నిలువుగా నిలిచినవేమో చూడవలెను. వ్రేలు తీయగనే గాలి తలుపు తడబడక మూసికొనవలెను. ఆ తలుపు తెరచుకొను వేగమును అదుపుచేయు చిన్న పొర ఒకటి ప్రక్కన కలదు. అది చెడినచో తలుపు ఒక్కసారిగా తెరచుకొని, ముందు చెప్పిన ఉక్కిరిబిక్కిరి కలుగును. ఇక శుద్ధ యాంత్రిక సెకండరీలకు ఇంజను ఆర్పి చూచుటయే చాలును. పాదము పూర్తిగా త్రొక్కినప్పుడు నాలుగు రేకులును నిలువుగా నిలువవలెను.

ఇంతవరకు తెరచుకొనుట గూర్చియే చెప్పితిమి. మూసికొనుట అంతకంటె ముఖ్యము. సెకండరీలు తెరచుకొననిచో కారు మందగించును, అంతే. తెరచుకొనిన సెకండరీలు పట్టివేసి మూసికొననిచో, పాదము తీసినను కారు ఆగదు. ఎదుట మలుపుండవచ్చును, దారి దాటు బాలుడుండవచ్చును. కావున వ్రేలితో తిప్పి చూచు రెండవ అంచెలో వెనుకకు వచ్చుటనే మరింత శ్రద్ధగా గమనింపవలెను. పది మారులు తెరచినచో పది మారులును తనంతట తాను మూసికొనవలెను. తొమ్మిది మారులు మూసికొనినది గదా అని తృప్తిపడరాదు. ఏ కొంచెము పట్టినను ఆ కారును సరిచేయువరకు దారి మీదికి తీయరాదు. నడుచుచుండగా థ్రాటిల్ పట్టివేసినచో, న్యూట్రలులోనికి మార్చి, బ్రేకు వేసి, కారును ప్రక్కకు నిలిపి, అటుపిమ్మట ఇంజనును ఆర్పవలెను.

ఈ కార్బ్యురేటర్ల కాలము దాదాపు గతించినది. అమెరికా కార్లలో 1990 ప్రాంతములకు వీని స్థానమును పెట్రోలును నేరుగా చిమ్ము ఇంజెక్షను పద్ధతి ఆక్రమించినది. అచటి నాస్కార్ ప్రధాన పందెములలో గూడ 2012లో కార్బ్యురేటర్లకు వీడ్కోలు చెప్పిరి. మన దేశములో 2020 ఏప్రిల్‌లో అమలులోనికి వచ్చిన భారత్ ఆరవ దశ నిబంధనలతో ద్విచక్ర వాహనములు గూడ అదే దారి పట్టినవి. అయినను పాత వాహనములను ప్రేమతో నిలుపుకొనువారు అమెరికాలో లక్షలకొలదిగా నున్నారు. అచట స్థిరపడిన మనవారిలో అట్టి మక్కువ గలవారికి ఈ పరీక్ష నేరుగా పనికివచ్చును.

ఇచటివారికిని ఇందు గ్రహింపదగినది కలదు. మరమ్మతుదారు చెప్పిన మాటను అవమానింపనక్కరలేదు, కాని ఒక ప్రశ్న అడుగవచ్చును: "ఈ భాగము పనిచేయవలసిన పరిస్థితిలో దీనిని పరీక్షించితిరా?" బరువు మోయనిదే బలహీనత బయటపడదు, వేడెక్కనిదే వేడి దోషము కనబడదు. నీటిపంపు అయినను, ఇంటిలోని రేడియో అయినను ఇదియే సూత్రము. నిలిచియున్న కారు చేసిన హోరు కంటె, పరుగెత్తిన కారులో ఒక అంగుళము జరిగిన క్లిప్పు మాటయే నమ్మదగినది. క్రొత్త భాగమునకు డబ్బు చెల్లింపకముందు ఆ క్లిప్పు ఏమి చెప్పుచున్నదో చూచుకొనుడు.